కొసల్లో తేడా

గేటు దగ్గర రామనర్సయ్య బూట్లు విప్పుతున్నాడు.

మోకాళ్ల కిందిదాకా ఉండే నల్ల రబ్బరు బూట్లు, సారా ఫ్యాక్టరీ ఇచ్చినవి. ఒక చెయ్యి గోడకు ఆనించి, ఒంటికాలి మీద నిలబడి లాగుతున్నాడు. చెమటకు అతుక్కున్న బూటు రావడం లేదు. వాచ్‌మన్ దేవసహాయం సాయం చేద్దామని వంగబోయాడు. అంతలోనే పైన ఆఫీసు కిటికీ వైపు చూసి, మళ్లీ నిటారుగా నిలబడ్డాడు.

మిర్యాలగూడ నుంచి వచ్చిన షేర్ ఆటో దిగుతూ గోపిక ఇదంతా చూసింది. బూట్లు పాడైతే కొత్తవి ఇస్తున్నారేమో అనుకుంది. రెండో బూటు కూడా ఊడిన తర్వాత రామనర్సయ్య వట్టి కాళ్లతో కంకర మీద నిలబడ్డాడు. దేవసహాయం బూట్లు తీసుకుని గదిలో పెట్టి, తలుపు వేశాడు.

"ఏమైంది కాకా?" అంది గోపిక.

రామనర్సయ్య ఆమె వైపు తిరిగి చేతులు జోడించాడు. "నమస్తే మేడం."

ఈ ఫ్యాక్టరీలో చేరినప్పటి నుంచి ఆయన ఆమెను మేడం అన్నది లేదు. బిడ్డా అనేవాడు. ల్యాబు కిటికీ దగ్గరకు వచ్చి, "బిడ్డా, నీ పురుగులు తిన్నయా, పండినయా?" అని నవ్వేవాడు. ఆయన లెక్కలో ఈస్టు అంటే పురుగులే. నూకల జావలో వేస్తే తిని సారా చేసే పురుగులు.

"గట్ల మాట్లాడుతున్నవేంది కాకా?"

"ఇంకెట్ల మాట్లాడాలె? నువ్వే రాసినవట గదా, నేను ట్యాంకుల కల్లు కలిపిన్నని."

"నేనా?"

"గోడ మీద పెట్టిండ్రు. పోయి సూడు. నీ సంతకం పైన సారు సంతకం."

టైమాఫీసు గోడకు కొట్టిన చెక్క మీద తెల్ల కాగితం ఉంది. పొద్దుటి షిఫ్టు వాళ్లు గుంపుగా నిలబడి చదువుతున్నారు. గోపికను చూసి దారి ఇచ్చారు. ఎవరూ పలకరించలేదు. 'ల్యాబు పరీక్షలో తేలినదేమనగా, ఈస్టు ట్యాంకు ఆపరేటరు రామనర్సయ్య కల్లుతో సంబంధము పెట్టుకుని విధులకు హాజరగుట వలన ట్యాంకునందు కల్తీ జరిగినది. కావున అతనిని తొలగించడమైనది. ఈ విషయమై ఎక్సైజు వారికి ఫిర్యాదు చేయబడును.' కింద, ఆమె వారం కింద ఇచ్చిన కాగితానికి జిరాక్సు. అందులో ఆమె ఇంగ్లీషులో రాసిన మాట 'వేరియేషన్'. పైన తెలుగులోకి వచ్చేసరికి అది 'కల్తీ' అయింది.

ఆ మాట చూస్తుంటే గోపికకు చెవులు వేడెక్కాయి. తేడా అని రాయొచ్చు. మార్పు అని రాయొచ్చు. తెలుగులో ఇన్ని మాటలుండగా ఏరి ఏరి ఆ ఒక్కటే పెట్టారు.

వెనక్కి వచ్చేసరికి రామనర్సయ్య సైకిలు స్టాండు తీస్తున్నాడు.

"కాకా, నేను గట్ల రాయలే. ప్రమాణంగ రాయలే."

"రాయలేదంటే రాయలేదు. ఉన్నది గోడ మీద." సైకిలు తిప్పుకున్నాడు. "నౌకరి పోతే పోయింది మేడం. కూలికి పోయి బతుకుత. గౌండ్లోని పేరు పక్కన కల్తీ అని రాస్తే ఏమైతదో ఎరికేనా నీకు? మా తమ్ముడు చెట్లెక్కుతడు. కల్తీ కల్లోడని గీత సొసైటీల నుంచి పేరు కొట్టేస్తరు. ఊర్ల మా ముంత ఎవ్వడు పట్టుకోడు. చేతనైతే ఆ మాట తీయించు. లేదంటే నాతోని మాట్లాడకు."

వట్టి కాళ్లతో పెడల్ తొక్కుతూ పాలకీడు దారిలో వెళ్లిపోయాడు. దేవసహాయం గొణిగాడు: "పొద్దున్నే ఇంటికాడ్నించే బూట్లేసుకోని వచ్చిండు పాపం. చెప్పులు సుత తెచ్చుకోలే."

నవీన్ తన గదిలో ఫోను చూసుకుంటున్నాడు. ఫ్యాక్టరీ యజమాని సత్యనారాయణకు చిన్నకొడుకు, ప్రొడక్షన్ అంతా ఆయన చేతిలోనే ఉంది. గోపిక వచ్చిన సంగతి తెలిసినా తలెత్తలేదు.

"సార్, నేను వేరియేషన్ అని రాసిన. కల్తీ అని రాయలేదు."

"రెండూ ఒకటే గదా."

"కాదు సార్."

"ఎట్ల కాదు? మన ఈస్టు పాత దాని తీరు లేదన్నవా లేదా?"

"అన్న సార్. కానీ—"

"లేదంటే ఏంది? బయటిది కలిసింది. బయట కల్లు ఎవనింట్ల ఉన్నది? నర్సయ్య ఇంట్ల. ఇంత చదువుకున్నవ్, గీ లెక్క తెల్వదా?" నవ్వాడు. "నువ్వే మంచి పని చేసినవ్ గోపికా. నెల రోజుల సంది ఎందుకు ఆగమైతున్నదో తెల్వక నాయిన నన్ను తిడుతుండె. పార్ట్‌నర్లకు చెప్పనీకె ఒకటి దొరికింది."

ఆగం అయిన మాట నిజమే. ఈ ఫ్యాక్టరీ ఈస్టుకు ఒక మంచి గుణం ఉండేది. జావలోని చక్కెర అంతా తినేశాక ముద్దలు కట్టి ట్యాంకు అడుక్కు దిగేది. పైన తేరిన నీళ్లను బట్టీకి తోడుకునేవారు. నెల రోజులుగా దిగడం లేదు. ట్యాంకంతా మబ్బులా తేలుతూ బట్టీలోకి పోయి, గొట్టాల్లో మాడి గడ్డకడుతోంది. రెండుసార్లు బట్టీ ఆపి గొట్టాలు గీకారు. ఎవరూ చెప్పకుండానే గోపిక ఆ ఈస్టును సూర్యాపేటలో తను చదివిన కాలేజీకి తీసుకెళ్లి, ముద్ద కట్టించే జన్యువును పరీక్ష చేయించింది. డీప్ ఫ్రీజరులో దాచిన పాత తల్లి ఈస్టుకూ ట్యాంకులోని దానికీ ఆ జన్యువు పొడవులో తేడా వచ్చింది. కనిపెట్టానన్న సంబరంతో ఆ రోజే రాసి ఇచ్చేసింది. డీఎన్ఏలో ఇంకో చోట కూడా చూడాల్సింది. చూడలేదు.

"సార్, ఎక్సైజుకు పంపకండి. నేను మళ్లీ పరీక్ష చేస్త."

"శుక్రవారం నాయిన కోదాడ నుంచి సంతకం పెట్టి పంపుతడు. ఆ లోపట ఏం చేసుకుంటవో చేసుకో. లీవు పెట్టి చేసుకో."

*

ల్యాబులో గోపిక రెండు గాజు గొట్టాలు పక్కపక్కన పెట్టింది. ఒకదాంట్లో ఫ్రీజరు నుంచి తీసి పెంచిన తల్లి ఈస్టు, రెండోదాంట్లో ట్యాంకులోది. రెంటికీ మూతలు బిగించి, ఒక్కసారే ఊపి స్టాండులో పెట్టింది. తల్లి ఈస్టు పాలు విరిగినట్టు పలుకులు పలుకులుగా విడిపోయి, చూస్తుండగానే అడుక్కు దిగింది. పైన నీళ్లలోంచి కిటికీ చువ్వలు కనిపించాయి. రెండోది కడుగునీళ్లలా అలాగే ఉంది.

కిటికీ అవతల ఈస్టు ట్యాంకు. రామనర్సయ్య పోయిన చోట కొత్తవాడెవరో ఉన్నాడు. నిన్నటి ట్యాంకు అడుగు నుంచి డ్రమ్ములో పట్టిన ఈస్టును కొత్త జావలో పోస్తున్నాడు. పోసి, మోటారు ఆన్ చేశాడు. ఆ చప్పుడుకు ల్యాబు అద్దాలు సన్నగా అదిరాయి.

తోడు.

ఫ్యాక్టరీలో అందరూ దాన్ని తోడు అనే అంటారు. అసలు పద్ధతి అది కాదు. తల్లి ఈస్టును ల్యాబులో తాజాగా పెంచి, చిన్న సీసా నుంచి పెద్ద సీసాలోకి, అక్కడి నుంచి ట్యాంకులోకి పంపాలి. పోయినేడు సకల జనుల సమ్మెలో కరెంటు కోతలకు ల్యాబు నడవలేదు. ఈస్టును పెంచే సామాను రాలేదు. నిన్నటి దాంట్లోంచి కొంచెం తీసి ఈరోజుది తోడెయ్యమని నవీన్ చెప్పాడు. ఉత్పత్తి ఆగలేదు. సమ్మె ఆగింది, తోడు ఆగలేదు. ల్యాబులో పెంచే ఖర్చు, కాలం రెండూ మిగిలాయి. ఇట్లా చెయ్యకూడదు సార్ అని గోపిక ఒకసారి అంటే, నవీన్ అందరి ముందూ అన్నాడు: "మీ ఇంట్ల పెరుగు తోడెయ్యరా గోపికా? గొర్లోళ్లింట్ల పాలే తాగుతరా?" అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఇప్పుడా నవ్వు గుర్తొచ్చి పళ్లు కొరుక్కుంది. దసరా నుంచి ఇప్పటిదాకా తోడు మీద తోడు. ఒక్కో తోడులో ఈస్టు తరాలు ఎన్ని పుట్టి చచ్చి ఉంటాయో. ముద్ద కట్టించే ఆ జన్యువు ఉండేది క్రోమోజోము కొసకు దగ్గర. అక్కడ ఒకే అక్షరాల వరుస మళ్లీ మళ్లీ వస్తుంది. కణం తన డీఎన్ఏకు నకలు రాసుకునేటప్పుడు తప్పేది అక్కడే. ఎమ్మెస్సీలో చదువుకుంది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంది. కళ్ల ముందు జరుగుతుంటే పోల్చుకోలేకపోయింది.

వారానికి ఒక శాంపిలు చొప్పున ఫ్రీజరులో దాయడం ఆమె అలవాటు. ఎవరూ దాయమనలేదు, ఎవరూ వద్దనలేదు. దసరా నాటివి, దీపావళి నాటివి, క్రిస్మస్ నాటివి ఒక్కొక్కటే తీసి, తల్లి ఈస్టు, ట్యాంకు ఈస్టు గొట్టాలతో పాటు ఐసు ముక్కలు వేసిన టిఫిను డబ్బాలో పెట్టింది. ఇంకొకటి కావాలి. అది ఇక్కడ లేదు.

*

పాలకీడు దగ్గరి రామనర్సయ్య ఊళ్లో ఆయన ఇల్లు అడిగితే ఒకాయన చెయ్యి చూపించి, "కల్తీ కల్లోళ్లదా?" అన్నాడు. మాట అప్పుడే ఊరికి చేరింది.

ఇంటి ముందు రామనర్సయ్య భార్య అనసూయ గిన్నెలు తోముతోంది. గోపిక ఎవరో తెలియగానే బూడిద చేతులతోనే లేచింది.

"నువ్వేనా ల్యాబు పిల్లవు? ఎందుకొచ్చినవ్? ఉన్నమా సచ్చినమా సూడనీకొచ్చినవా?"

"చిన్నమ్మా, కాకా లేడా?"

"చిన్నమ్మనట! నా మొగని కడుపు కొట్టి నన్ను చిన్నమ్మ అంటది!" ఊరంతటికీ వినబడేలా అంది. "పొద్దున వట్టి కాళ్లతోని ఇంటికొచ్చిండు. అరికాళ్లు సూసినవా? ఒక్క ముద్ద తినలే. బాయికాడ పండుకున్నడు పో, సూసి రా పో."

గోపిక అక్కడే నిలబడింది. ఏమన్నా పడాలనే వచ్చింది. "నాకు కొంచెం కల్లు కావాలె చిన్నమ్మా. ఇవ్వాళ దించింది."

అనసూయ నోరు తెరిచింది. "కల్లా? ఇప్పుడు కల్లును సుత జైలుకు తీస్కపోతవా?"

అరుగు మీద చెట్టెక్కే మోకు చుడుతున్న రామనర్సయ్య తమ్ముడు పక్కున నవ్వాడు. అనసూయ వాడి వైపు చూసేసరికి నవ్వు మింగేశాడు.

"కాదు చిన్నమ్మా. ట్యాంకుల దొరికిన ఈస్టు, మీ కల్లుల ఉండే ఈస్టు ఒక్కటేనని వాళ్లంటున్నరు. కాదని సూపెట్టాలె. మీ కల్లు లేకుంటే ఎట్ల సూపెడత?"

"ఒక్కటే అని తేలితే?"

తేలవచ్చు. రామనర్సయ్య చేతులకు అంటుకుని కల్లు ఈస్టు ట్యాంకులోకి వెళ్లే అవకాశం లేకపోలేదు. "తేలితే అదే చెప్త" అంది.

అనసూయ చేతులు చెంగుకు తుడుచుకుంటూ ఆమెను ఎగాదిగా చూసింది. "అబద్ధమాడనీకె సుత రాదు దీనికి" అని మరిదితో అంది. "పొయ్యి. నిన్నటిది కాదు, ఈత చెట్టుది, పొద్దున దించింది పొయ్యి. నీళ్లు కలిపినమని మళ్ల అదొకటి రాస్తరు."

అతను ముంత వంచాడు. గోపిక మూత తీసిన గొట్టంలోకి తెల్లగా, నురగతో దిగింది. మూత బిగించి, పేరు రాసి, టిఫిను డబ్బాలో మిగతా గొట్టాల పక్కన పెట్టింది.

*

సూర్యాపేట కాలేజీలో మహేశ్వర్ సార్ తాళాలిచ్చి, "రెండు రోజులు ల్యాబు నీదే, రసాయనాలు మాత్రం జర పొదుపు" అన్నాడు.

ఈసారి గోపిక రెండు చోట్ల చూసింది. ఒకటి, క్రోమోజోము కొస దగ్గరి జన్యువు. రెండోది, క్రోమోజోముల నడుమ, తరతరాలుగా మారని చోట్లు. అన్ని శాంపిళ్లలో ఆ ముక్కలను పీసీఆర్ మిషన్లో లక్షల నకళ్లుగా పెంచింది. జెల్ పొడిని నీళ్లలో కాచి, గంజిలా చిక్కబడ్డాక పళ్లెంలో పోసింది. దువ్వెన గుచ్చింది. గట్టిపడ్డాక దువ్వెన లాగితే వరుసగా గుంటలు పడ్డాయి. ఊపిరి బిగబట్టి, నీలిరంగు కలిపిన బొట్టును ఒక్కో గుంటలోకి వదిలింది. చెయ్యి వణికితే పక్క గుంటలో పడుతుంది, అప్పుడు అదే అసలైన కల్తీ. కరెంటు ఇస్తే బొట్లు మెల్లగా ముందుకు పాకాయి. పొట్టి ముక్కలు ముందుకు ఉరుకుతాయి, పొడుగువి వెనకబడతాయి.

ఆ పాకుతున్నంతసేపూ తండ్రి బీరయ్య ఫోనులో ఉన్నాడు. పెన్‌పహాడ్ చెరువు కింద గొర్లు అరుస్తుంటే ఆయన గొంతు వచ్చి వచ్చి పోతోంది.

"లీవు పెట్టినవట? మీ ఆఫీసుల పిల్ల అమ్మకు చెప్పింది."

"చిన్న పని నాయిన."

"ఎవలతోనన్న లొల్లి పెట్టుకున్నవా?"

"లేదు."

"పెద్దోళ్లు బిడ్డా. వాళ్ల ముందట జర సూసి మాట్లాడు. ఒక్క గొర్రెను కాపాడనీకె దొడ్డి కాలబెట్టుకుంటమా?"

"గొర్రె కాదు నాయినా, మనిషి" అంది గోపిక. అవతల ఆయన గొర్లను అదిలించాడు. "సరే, తిన్నవా మరి?" అని ఆయన అడిగాడు.

యూవీ దీపం మీద జెల్ పెట్టి చూస్తే ముక్కలు గీతల్లా మెరిశాయి. నడిమి చోట్లలో తల్లి ఈస్టు గీత ఎక్కడుందో, దసరా ఈస్టుదీ అక్కడే, దీపావళిదీ అక్కడే, ఇప్పటి ట్యాంకుదీ అక్కడే. బద్ద పెట్టి గీసినట్టు ఒకే వరుస. కల్లు ఈస్టు గీత మాత్రం ఎక్కడో కిందుంది. దాని నీడ కూడా ట్యాంకు ఈస్టు వరుసలో లేదు. కలిసి ఉంటే రెండు గీతలు కనబడాలి. ఇక కొస దగ్గరి జన్యువు: తల్లిది అందరికన్నా పైన, దసరాది దాని పక్కనే, దీపావళిది కొంచెం కింద, క్రిస్మస్‌ది ఇంకొంచెం కింద, ఇప్పటిది అడుగున. దిగుడుబావి మెట్లలా దిగుతున్నాయి. బయటిది వచ్చి పడితే ఒక్కరోజులో మారుతుంది. ఇది తోడు తోడుకూ అరుగుతూ వచ్చింది.

మహేశ్వర్ సార్ వంగి చూసి, "అబ్బ" అన్నాడు. "అన్నీ ఒకే తల్లి పిల్లలే. కొసలే అరిగినయ్. మంచి పేపర్ అయితది గోపికా, దీని మీద."

"పేపర్ తర్వాత సార్. ముందు గోడ మీది పేపర్ తీయించాలె."

*

కోదాడలో సత్యనారాయణ ఇంటి వసారాలో ముసలావిడ ఒకరు రామకోటి రాస్తోంది. ఆయన తల్లి రాధమ్మ. పుస్తకం గళ్లన్నీ శ్రీరామతో నిండుతున్నాయి. గోపికను చూసి, కలం ఎత్తకుండానే, "కూర్చోమ్మా, వాడు స్నానం చేస్తున్నాడు" అంది.

సత్యనారాయణ వచ్చి, గోపిక చాచిన ఫోటో అందుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. మర్యాదగానే ఉన్నాడు. కాఫీ కూడా తెప్పించాడు.

"చూడమ్మాయ్, ఈ గీతలు నాకు తెలియవు. ఒక్క ముక్కలో చెప్పు. కలిసిందా, కలవలేదా?"

"కలవలేదు సార్. కల్లు ఈస్టు మన ట్యాంకుల లేదు. మన ఈస్టే మారింది."

"దానంతట అదే ఎట్లా మారుతుంది? ఏదో ఒకటి కలవకపోతే."

గోపిక ఎట్లా చెప్పాలా అని చూసింది. పక్కనే కలం గరగరలాడుతోంది. "సార్, క్రోమోజోము కొస దగ్గర ఒకే మాట మళ్లీ మళ్లీ రాసి ఉంటది. నానమ్మ గారు రాస్తున్నట్టు. వేర్వేరు మాటలు చూసి రాస్తే తప్పు తెలుస్తది. ఒకటే మాట వరుసగా రాస్తే ఒకటి ఎక్కువ పడ్డదా, తక్కువ పడ్డదా ఎవరికి తెలుస్తది? మన ఈస్టు రోజూ నకలు రాసుకుంటది. దసరా నుంచి తోడు మీద తోడు వేస్తున్నం. రాసి రాసి కొసన మాటలు తగ్గిపోయినయ్. అందుకే ముద్ద కడతలేదు. రామకోటిల ఒక వరుసకు ఒక రామ తక్కువ పడితే, అది వేరే దేవుని పేరైతదా సార్?"

రాధమ్మ కలం ఆపింది. "నిజమేరా సత్యం. ఎన్నిసార్లు తప్పానో. మళ్లీ లెక్కెట్టుకుంటే ఒకటి తక్కువుంటది. కళ్లు మూతలు పడుతుంటే చెయ్యి దానంతటదే పోతా ఉంటది."

"నువ్వు రాసుకోమ్మా." సత్యనారాయణ ఫోటోను మడతపెట్టలేదు, జాగ్రత్తగా టీపాయ్ మీద బోర్లించాడు. అర్థమైందని ఆయన ముఖంలో తెలుస్తూనే ఉంది. మరీ బాగా అర్థమైంది. "తోడు వెయ్యమన్నది ఎవరు?"

"నవీన్ సార్."

"ఆ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"ఫ్యాక్టరీల అందరికి తెలుసు సార్."

"పార్ట్‌నర్లకు తెలియదు." కాసేపు వేళ్లతో కుర్చీ చెయ్యి మీద తట్టాడు. "సరే. ఎక్సైజుకు పంపను. గోడ మీది కాగితం సోమవారానికి తీయిస్తాను. ఆయన్ని పనిలోకి రమ్మని చెప్పిస్తాను. సరేనా? నువ్వు చెప్పింది విన్నాను కదా. ఇక నువ్వు కూడా ఒక మాట విను. ఈ తోడు సంగతి ఇక్కడితో ఆగాలి."

"మరి ఎందుకు చెడిందని రాస్తరు సార్?"

"అది మేం చూసుకుంటాం."

గోపిక లేచింది. గెలిచానని అనుకోవాలో వద్దో తెలియలేదు. గడప దాటుతుంటే రాధమ్మ అడిగింది: "ఎవరమ్మాయివే నువ్వు? మీదేవూరు?"

"పెన్‌పహాడ్ అమ్మా. బీరయ్య బిడ్డను. గొర్లు కాస్తడు."

"చక్కగా చెప్పావు" అంది రాధమ్మ, కలం మళ్లీ అందుకుంటూ.

*

సోమవారం పొద్దున టైమాఫీసు గోడ మీద కొత్త కాగితం ఉంది. మేకులు పాతవే.

'ల్యాబు అసిస్టెంటు గోపిక బాధ్యతారహితముగా ఇచ్చిన తప్పుడు రిపోర్టు మూలముగా ఆపరేటరు రామనర్సయ్యపై పొరపాటున చర్య తీసుకొనబడినది. ఈస్టు నాణ్యత చెడుటకు ల్యాబు నిర్వహణ లోపమే కారణమని విచారణలో తేలినది. కావున ఆమెను తొలగించడమైనది.'

గోపిక రెండుసార్లు చదివింది. కల్తీ అన్న మాట లేదు. తీయించమన్నది అదే, తీయించింది. తనే సత్యనారాయణకు రామకోటి చెప్పి అర్థం చేయించింది. అర్థం కాని మనిషైతే కొట్లాడవచ్చు. ఈయన అంతా అర్థం చేసుకుని, ఈస్టు తప్పు ఎక్కడ జరిగిందో సరిగ్గా తెలుసుకుని, ఆ చోటును వదిలేసి దాని పక్కనున్న మనిషిని తీసి అవతల పారేశాడు.

"అమ్మా, ఐడీ కార్డు..." దేవసహాయం ఆమె ముఖం చూడలేక గేటు చువ్వలను చూస్తూ అన్నాడు. గోపిక మెడలోంచి కార్డు తీసి ఇచ్చింది. బ్యాగులోంచి తెల్లకోటు తీసి, మడత సరిచేసి అది కూడా ఇచ్చింది.

అప్పుడే సైకిలు మీద రామనర్సయ్య వచ్చాడు. కాళ్లకు ప్లాస్టిక్ చెప్పులున్నాయి. గోపికను చూసి, "బిడ్డా!" అన్నాడు. అంతలోనే దేవసహాయం చేతిలోని కార్డు చూసి ఆగిపోయాడు. సైకిలు గోడకు ఆనించి, కాగితం దగ్గరకు వెళ్లాడు. పెదవులు కదిలిస్తూ కూడబలుక్కుని చదివాడు. చివరిదాకా వచ్చి, మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"ఇండ్ల నా పేరు మంచిగనే ఉన్నది" అన్నాడు.

"ఔ కాకా."

"నీ పేరు చెడ్డగున్నది."

"తోడు మీద తోడేసి ఈస్టే అరిగింది కాకా. కల్లు కలవలే" అంది గోపిక.

"మరి తోడు పొయ్యమన్నోని పేరేది?"

"లేదు."

"అండ్ల లేదు, ఇండ్ల లేదు." రామనర్సయ్య చుట్టూ ఉన్న షిఫ్టు వాళ్ల వైపు చూశాడు. అందరికీ తెలుసు. అందరూ పోసినవాళ్లే. "నా బూట్లియ్యి దేవసాయం" అన్నాడు. బూట్లు తీసుకుని, అక్కడే కంకర మీద కూర్చుని, నిదానంగా తొడుక్కున్నాడు. లేచి, ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్లిపోయాడు. షిఫ్టు వాళ్లు ఆయన వెనకే వెళ్లారు.

వెళ్లక ఏం చేస్తాడు, పెళ్లాంబిడ్డలున్న మనిషి, అనుకుంది గోపిక. కోపం రాకూడదనుకున్నా, ఆయన మీద కూడా కొంచెం వచ్చింది. రోడ్డు పక్కన షేర్ ఆటో కోసం నిలబడింది. నాయినకు ఏం చెప్పాలో అనుకుంటోంది.

షిఫ్టు సైరన్ మోగింది. సైరన్ వెనకే, జావలో తోడు పడగానే, మోటారు గర్జించాలి. రోజూ ల్యాబు అద్దాలు అదిరేది అప్పుడే. గోపిక అలవాటుగా ఆ చప్పుడు కోసం చూసింది.

రాలేదు.

కరెంటు పోయిందేమో అనుకుంది. పైన ఆఫీసు కిటికీలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. కాసేపటికి నవీన్ మెట్లు దిగి ట్యాంకుల వైపు పెద్ద పెద్ద అంగలు వెయ్యడం గేటు చువ్వల్లోంచి కనబడింది. ఎవరో గట్టిగా అరిచారు. దేవసహాయం ఫోను మోగింది. "సార్... సార్... లేదు సార్, ఈడనే ఉన్నది సార్" అంటూ గోపిక వైపు చూశాడు. ఫోను పెట్టేసి గేటు దగ్గరకు వచ్చాడు. గొంతు తగ్గించాడు గానీ, కళ్లు మెరుస్తున్నాయి.

"నర్సయ్య గౌడన్న తోడు డ్రమ్ము మీద కూసున్నడట. పొయ్యడట."

"ఏం పొయ్యడు?"

"తోడు. ఎవరు పొయ్యమంటున్నరో కాయితం మీద రాసి, సంతకం పెట్టి, ఆ మేకులకే కొట్టమంటున్నడట. మిగిలినోళ్లు సుత ఆయన పక్కనే కూసున్నరట. జావ పులుస్తదిరో అని చిన్నసారు మొత్తుకుంటుండు. రాయనీకెంతసేపు సార్, నా పేరు రాయనీకె గింత సేపైందా అంటున్నడట."

ఆటో వచ్చి ఆగింది. "మిర్యాలగూడ, మిర్యాలగూడ! ఎక్కు అక్కా, సీటుంది."

గోపిక బ్యాగు భుజం మీద నుంచి దించి, గేటు పక్కన గోడ నీడలో పెట్టింది.

"నువ్వు పో అన్నా" అంది.

ఆటో పోయింది. దాని చప్పుడు నేరేడుచర్ల రోడ్డు మలుపు దాకా వినబడి, ఆగిపోయింది. మోటారు ఇంకా మోగలేదు.